ఎవాన్ పార్కర్ ఊపిరి ఎక్కడిది?

హేతువాదులకి జాజ్ సంగీతంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. మన దేశంలో ఊపిరి పేరు మీద జరిగినంత వ్యాపారం శరీరంలో జరిగే ఇంకే క్రియ పేరు మీదా జరగలేదు. గుండె ఆపానన్నవాడు, భూమిలో పూడ్చినా బతికి వచ్చానన్నవాడు, గాలి భోంచేసి బతుకుతున్నానన్నవాడు అందరూ చివరికి ఊపిరి దగ్గరికే వస్తారు. ఆ జాబితాలోకి ఈమధ్య ఒక ఇంగ్లీషు సాక్సోఫోన్ వాద్యకారుణ్ణి కూడా లాక్కొచ్చారు. ఈ సంగతి ఆ పెద్దమనిషికి తెలియదు పాపం.

మేము ఉండేది ఘజియాబాద్ పక్కన ఇందిరాపురంలో. ఇక్కడ ప్రతి అపార్టుమెంటు సొసైటీలోనూ ఒక పార్కు, ఆ పార్కులో పొద్దున్నే ఒక ప్రాణాయామం క్లాసు ఉంటాయి. నవంబరు నెలలో ఢిల్లీ గాలి నాణ్యత సూచిక 400 దాటి, ఎదురుగా ఉన్న టవరు కనపడని రోజుల్లో కూడా ఈ క్లాసు ఆగదు. డాక్టర్లు తలుపులు వేసుకుని ఇంట్లో ఉండండి మొర్రో అంటుంటే, వీళ్ళు ఆరుబయట కూర్చుని ఆ పొగని గుండెల నిండా పీలుస్తారు. అది వేరే కథ. ఒకరోజు క్లాసు నడిపే ఆయన తన ఫోనులో ఒక రికార్డింగు వినిపించాడు. సొప్రానో సాక్సోఫోన్. ఎక్కడా తెగకుండా నిమిషాల తరబడి, తేనెపట్టు కదిలించినట్టు వస్తున్న ధ్వని. "చూశారా, ఈ తెల్లాయన అరగంట సేపు ఊపిరి తీసుకోడు. ఇది కుంభకం. మన ఋషులు ఇచ్చిన విద్య. వాళ్ళు నేర్చుకున్నారు, మనం మర్చిపోయాం" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఆ వాద్యం ఎవరిదో తెలుసు. ఎవాన్ పార్కర్ ది. "గురూజీ, ఊపిరి తీసుకోకపోతే ఆ గొట్టంలోంచి బయటికి వస్తున్న గాలి ఎక్కడిది?" అని అడిగాను. పక్కనున్న ఒకావిడ "అన్నీ అలా ప్రశ్నించకూడదు అంకుల్" అంది. గురూజీ నవ్వి తర్వాతి ఆసనానికి వెళ్ళిపోయాడు.

నా ప్రశ్నలో గడుసుతనం ఏమీ లేదు. బడి పిల్లవాడికి తోచే ప్రశ్నే. సాక్సోఫోన్ మోగాలంటే రెల్లు బద్దను గాలి కదిలించాలి. అరగంట గాలి బయటికి పోవాలంటే అరగంట గాలి లోపలికి రావాలి. ఊపిరితిత్తులు ఏమీ అక్షయపాత్రలు కావు. కుంభకం అంటే గాలిని లోపలో బయటో బిగబట్టడం. బిగబట్టినవాడు ఊదలేడు, ఊదేవాడు బిగబట్టలేడు. ఈ చిన్న తర్కం అక్కడ ఉన్న నలభై మందిలో ఒక్కరికీ తట్టలేదంటే వాళ్ళకి తెలివి లేదని కాదు. పార్కులోకి వచ్చేముందు చెప్పులతో పాటు దాన్ని కూడా బయట విడిచి వస్తారు, అంతే.

ఇంతకీ ఈ పార్కర్ ఎవరు? ఈయన కథ తెలిస్తే ఆ "మహిమ" ఎలా తయారయిందో కూడా తెలుస్తుంది.

ఎవాన్ పార్కర్ 1944 ఏప్రిల్ 5న ఇంగ్లండులోని బ్రిస్టల్ లో పుట్టాడు. తండ్రి బీఓఏసీ అనే బ్రిటిష్ విమాన సంస్థలో ఉద్యోగి. దానివల్ల కుర్రవాడికి చవగ్గా విమానం ఎక్కే అవకాశం దొరికింది. 1960ల మొదట్లో న్యూయార్క్ వెళ్ళి అక్కడి కొత్త జాజ్ ని, ముఖ్యంగా పియానిస్టు సెసిల్ టేలర్ బృందాన్ని స్వయంగా విన్నాడు. ఈ సంగతి నేను కావాలనే చెబుతున్నాను. "జన్మతః వచ్చిన ప్రతిభ" అని మనం దండలు వేసే ప్రతిచోటా వెతికితే ఇలాంటి ఒక టికెట్టు దొరుకుతుంది. తండ్రి వేరే ఉద్యోగంలో ఉంటే ఈ కుర్రవాడు ఏమయ్యేవాడో ఎవరు చెప్పగలరు? బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చదవడానికి చేరి, సాక్సోఫోన్ కోసం ఆ చదువు మధ్యలో వదిలేశాడు. అప్పటికి అతని దేవుడు, దేవుడు అన్నది వాడుకమాటే లెండి, జాన్ కోల్ట్రేన్.

కోల్ట్రేన్ గురించి ఒక మాట చెప్పాలి. అమెరికా నల్లజాతి సంగీతకారుల్లో అగ్రగణ్యుడు. భారతీయ సంగీతం మీద మోజుపడి, రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1965లో వచ్చిన అతని ప్రసిద్ధ రికార్డు పూర్తిగా దైవానికి అంకితం. 1967లో నలభై ఏళ్ళకే చనిపోయాడు. ఆయన తర్వాత సాక్సోఫోన్ పట్టుకున్న వాళ్ళలో చాలామంది వాద్యంతో పాటు ఆ ఆధ్యాత్మికతను కూడా భుజాన వేసుకున్నారు. అగరొత్తులు, పూసలు, తూర్పు దేశాల పేర్లు. పార్కర్ కోల్ట్రేన్ దగ్గర తీసుకున్నది వేలి పనితనం, ధ్వనిని లోపలినుంచి చీల్చి చూసే పట్టుదల. ఆ వేషం అతనికి అవసరం కాలేదు. వ్యక్తిగత నమ్మకాల జోలికి నేను పోవడం లేదు. వేదిక మీద కనిపించేది మాత్రం మామూలు చొక్కా వేసుకున్న గడ్డం మనిషి, చేతిలో ఒక గొట్టం.

1966లో లండన్ చేరాడు. అప్పటి లండన్ లో జాజ్ అంటే రోనీ స్కాట్ క్లబ్బు. సొంత క్లబ్బు పెట్టుకున్న రోనీ స్కాట్ కూడా సాక్సోఫోన్ వాద్యకారుడే. పేద యూదు కుటుంబంలో పుట్టి, 1959లో సోహోలో ఒక నేలమాళిగ అద్దెకి తీసుకుని మొదలుపెట్టాడు. ఆ తరానికి అమెరికా వాళ్ళలా వాయించగలగడమే గొప్ప. పార్కర్ తరానికి అది చాలలేదు. సెయింట్ మార్టిన్స్ లేన్ పక్క సందులో లిటిల్ థియేటర్ క్లబ్ అని ఒక చిన్న నాటకశాల ఉండేది. జాన్ స్టీవెన్స్ అనే డ్రమ్మరు అక్కడ ఏ పాటా, ఏ తాళమూ ముందుగా అనుకోకుండా అప్పటికప్పుడు వాయించుకునే ఒక అడ్డా నడిపాడు. గిటారిస్టు డెరెక్ బెయిలీ అక్కడే కలిశాడు. వచ్చే శ్రోతలు ఒక్కోరోజు వాయించేవాళ్ళకంటే తక్కువ. మన హేతువాద సభల్లాగే అన్నమాట.

ఆ సంగీతం వినడానికి సులువు కాదు. నాకూ మొదట్లో తలుపు గడియ తుప్పుపట్టి కిర్రుమన్నట్టే అనిపించింది. మీకు నచ్చాలని నేను ఒత్తిడి చేయను. నచ్చడం నచ్చకపోవడం వేరు, ఎలా జరిగిందో తెలుసుకోవడం వేరు.

1970లో పార్కర్, బెయిలీ, డ్రమ్మరు టోనీ ఆక్స్‌లీ కలిసి ఇంకస్ అనే రికార్డు కంపెనీ పెట్టారు. బ్రిటన్ లో సంగీతకారులే యజమానులుగా, స్వతంత్రంగా నడిచిన మొదటి రికార్డు కంపెనీల్లో అది ముందువరసలోది. పెద్ద కంపెనీలు వీళ్ళని ఎలాగూ పట్టించుకోవు, పట్టించుకున్నా హక్కులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. అందుకని తమ శ్రమ ఫలాన్ని తామే అచ్చువేసుకుని తామే అమ్ముకున్నారు. వాళ్ళ మొదటి రికార్డు పేరు తెలుగులో చెప్పాలంటే "ఊపిరితిత్తుల భౌగోళిక పటం". డచ్ డ్రమ్మరు హాన్ బెనింక్ కూడా అందులో వాయించాడు. పేరులో ఆత్మ లేదు, ప్రాణం లేదు, చైతన్యం లేదు. ఊపిరితిత్తులు. గాలి పోయే దారి, వచ్చే దారి, దానికొక పటం. ఆ పేరు చూసే నేను ఈయన్ని ఇష్టపడ్డానంటే నమ్మండి.

1975లో లండన్ యూనిటీ థియేటర్ లో ఒంటరిగా సొప్రానో వాయించి రికార్డు చేశాడు. అక్కడినుంచి 1978 నాటి "మొనోసెరోస్", 1986 నాటి "పాము నిర్ణయిస్తుంది" (ఆ రికార్డు పేరుకి ఇది నా తెలుగు) వరకు సుమారు పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళ రికార్డులు వరసగా వినగలిగితే అసలు సంగతి చెవికే తెలుస్తుంది. మొదటిదాంట్లో ముక్కలు ముక్కలుగా, ఒక్కో ధ్వనిని పరీక్షనాళికలో పెట్టి చూస్తున్నట్టు ఉంటుంది. ఊపిరి తెగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. తర్వాత తర్వాత ఆ తెంపులు పూడుకుపోతాయి. 1986కి వచ్చేసరికి తెంపు లేని ప్రవాహం, పైగా ఒకేసారి ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నట్టు భ్రమ. సిద్ధి ఒక్క రాత్రిలో కలలో వచ్చి వరమిస్తే ఇలా మెట్లు మెట్లుగా ఎందుకుంటుంది? ఆ మెట్లన్నీ రికార్డుల మీద తేదీలతో సహా ఉన్నాయి. మన బాబాల్లో ఎవరైనా తమ "సాధన"కి ఇలాంటి తేదీలున్న రికార్డు చూపించారా?

1986 రికార్డింగు జరిగింది ఆక్స్‌ఫర్డ్ లో ఒక పాత చర్చిలో. చేసింది మైకేల్ గెర్జన్ అనే గణితశాస్త్రవేత్త. చుట్టూ ఉన్న ధ్వనిని మొత్తంగా పట్టుకునే ప్రత్యేకమైన మైక్రోఫోన్ పద్ధతులను రూపొందించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. రాతిగోడల మీద ధ్వని కొట్టుకుని తిరిగి రావడం కూడా ఆ సంగీతంలో భాగమే. వినేవాడికి "ఎవరో లోకాతీత శక్తి" అనిపించేదాంట్లో కొంత రాయి, కొంత గణితం.

ఇక ఆ తెంపులేని ఊపిరి సంగతి. దీన్ని వర్తుల శ్వాస అందాం. నోట్లో, బుగ్గల్లో కొంచెం గాలి నిల్వ చేసుకోవాలి. ఊపిరితిత్తుల గాలి అయిపోవచ్చే క్షణంలో గొంతు వెనకనున్న మెత్తని అంగిలిని నాలుక వెనకభాగంతో మూసి, నోటిని ముక్కునుంచి వేరు చేయాలి. బుగ్గలు నొక్కితే ఆ నిల్వ గాలి వాద్యంలోకి పోతుంటుంది. సరిగ్గా ఆ అర సెకనులో ముక్కుతో చటుక్కున గాలి లాగాలి. వెంటనే మళ్ళీ ఊపిరితిత్తులకి పని అప్పజెప్పాలి. అంటే ఆయన ఊపిరి తీసుకోకపోవడం కాదు. మామూలు మనిషికంటే ఎక్కువసార్లే, చిన్నచిన్నవిగా తీసుకుంటాడు. దగ్గరగా కూర్చుంటే ముక్కు చప్పుడు వినిపిస్తుంది కూడా. కమ్మరి కొలిమి తిత్తికి రెండు అరలుంటే ఒకటి నిండుతుంటే ఇంకొకటి ఊదినట్టు. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఒక గ్లాసు నీళ్ళు, ఒక స్ట్రా తెచ్చుకుని నీళ్ళలో బుడగలు ఆగకుండా ఊదడం అభ్యాసం చేస్తే కొద్దివారాల్లో ఎవరికైనా పట్టు దొరుకుతుంది. మా మనవడికి పది రోజులు పట్టింది, వాడికి పద్నాలుగేళ్ళు. సాక్సోఫోన్ మీద చేయడం మాత్రం చాలా కష్టం. పెదవుల బిగువు సడలితే స్వరం జారిపోతుంది. దానికి ఏళ్ళు కావాలి.

పార్కర్ ప్రత్యేకత ఈ ఒక్క కిటుకులో లేదు. కెన్నీ జీ అనే అమెరికా వాద్యకారుడు 1997లో న్యూయార్క్ లో ఒకే స్వరాన్ని 45 నిమిషాల 47 సెకన్లు పట్టి గిన్నెస్ పుస్తకానికెక్కాడు. అదీ ఇదే శ్వాస. సర్కస్ లో ఒంటికాలి మీద నిలబడ్డట్టు అన్నమాట. పార్కర్ దాన్ని నేలగా వాడుకుని దాని మీద ఇల్లు కట్టాడు. మామూలుగా లేని వేళ్ళ అమరికలతో ఒకే గొట్టంలోంచి ఒకేసారి రెండు మూడు స్వరాలు రప్పిస్తాడు. మూల స్వరంలో దాగున్న ఉపస్వరాలను గొంతు ఆకారం మార్చి పైకి తెస్తాడు. నాలుకని రెండువైపులా కొడతాడు. వేళ్ళు ఒక లెక్కలో, నాలుక ఇంకో లెక్కలో, గొంతు మరో లెక్కలో నడుస్తాయి. వినేవాడి చెవి వీటిని ముగ్గురు మనుషులుగా విడదీసుకుంటుంది. ఇంత చెప్పాక సంగీతం మొత్తం విప్పి చెప్పేశానని నేను అనుకోవడం లేదు. ఏ క్షణంలో ఎటు మలుపు తిరగాలని ఆయన ఎలా నిర్ణయించుకుంటాడన్నది ఇంకా అడగవలసిన ప్రశ్నే. కానీ అది మెదడు గురించిన ప్రశ్న, దేవుడి గురించినది కాదు.

తప్పు మన గురూజీలది మాత్రమే అనుకోవద్దు. పాశ్చాత్య విమర్శకులు కూడా పార్కర్ గురించి రాసేటప్పుడు సమాధి, పూనకం, ఆదిమ మంత్రగాడు అంటూ పేజీలు నింపేశారు. కష్టపడి నేర్చుకున్న పనిని పూనకం అంటే పొగిడినట్టా, తిట్టినట్టా?

పనిలో పనిగా మన ఢిల్లీలో జరిగిన ఒక మంచి విషయం చెప్పాలి. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అదే ఎయిమ్స్, 1956లో ఏర్పడింది. అక్కడి శరీరధర్మ శాస్త్రవేత్త బి.కె. ఆనంద్, అమెరికానుంచి వచ్చిన వెంగర్, బాగ్చీ కలిసి గుండె ఆపగలమన్న యోగులను పరికరాలు పెట్టి పరీక్షించారు. ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. మణికట్టు నాడి అందకుండా పోయింది, స్టెతస్కోపులో చప్పుడు వినపడకుండా పోయింది, నిజమే. కానీ ఈసీజీలో గుండె నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంది. గొంతు మూసి, ఛాతీ కండరాలు బిగించి లోపలి ఒత్తిడి పెంచితే గుండెకి వచ్చే రక్తం తగ్గుతుంది, కండరాల చప్పుడు గుండె చప్పుణ్ణి కప్పేస్తుంది. అదీ మహిమ. అదే ఏడాది ఆనంద్ బృందం రామానంద యోగి అనే ఆయన్ని గాలి చొరబడని పెట్టెలో ఉంచి కొలిచింది. ఆయన మామూలు విశ్రాంతిలో ఖర్చయ్యేదానికంటే తక్కువ ఆక్సిజన్ తో గడపగలిగాడని తేలింది. తేలినదాన్ని తేలినట్టే రాశారు. శిక్షణతో శరీరం కొంత మారుతుంది, ఆ కొంత ఎంతో కొలవవచ్చు. హేతువాదులం మనం దీన్ని దాచుకోవలసిన పనిలేదు. ఆస్ట్రేలియా ఆదివాసుల డిజెరిడూ అనే పొడవాటి గొట్టం ఊదడం మీద కూడా ఇలాంటి పనే జరిగింది. దాన్ని ఊదడానికి ఈ వర్తుల శ్వాసే కావాలి. గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న 25 మందిని తీసుకుని, కొందరిచేత నాలుగు నెలలు అది ఊదించి, మిగతావారితో పోల్చి చూశారు. ఊదినవాళ్ళకి పగటి మత్తు తగ్గింది. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో వచ్చింది. 2017లో దానికి "ఇగ్ నోబెల్" శాంతి బహుమతి ఇచ్చారు. గురక పెట్టేవాడి భార్యకి దొరికేది శాంతే కదా!

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తాను.

గురూజీ అన్నదాంట్లో ఒక పాలు నిజముంది. ఈ శ్వాస మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. కానీ ఉన్నది ఋషుల దగ్గర కాదు. మా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో మా ఊరి కంసాలి బుగ్గలు పొంగించి ఊదుగొట్టంతో దీపం మంటని నగ మీదికి వంచేవాడు. అతుకు పడేదాకా ఆ మంట తెగేది కాదు, కంసాలి ఆయాసపడేవాడూ కాదు. మాతో మాట్లాడటం మాత్రం ఆపేవాడు. పాములవాడి బుర్ర, మనవాళ్ళు నాగస్వరం అనేది, దాంట్లోనూ ఇదే. ఇక సన్నాయి మేళంలో వెనక ఒకాయన కూర్చుని గంటల తరబడి ఒకే స్వరం ఊదుతుంటాడు. శ్రుతి సన్నాయి, ఒత్తు అంటారు. పెళ్ళిపందిట్లో మూడు గంటలు ఆ స్వరం తెగకుండా పట్టినవాడి పేరు ఏ శుభలేఖలోనైనా, ఏ కచేరీ కరపత్రంలోనైనా చూశారా? ఇప్పుడు చాలాచోట్ల ఆ పనిని కరెంటు శ్రుతిపెట్టె చేస్తోంది. ఆయన పేరు ఎవరూ రాసుకోకుండానే పోయాడు.

వీళ్ళెవరు? ఆంధ్రదేశంలో సన్నాయి ఊదేది ఎక్కువగా నాయీ బ్రాహ్మణులు, అంటే క్షురకవృత్తి వారు. పెళ్ళికి వాళ్ళు లేకపోతే జరగదు, పంక్తిలో మాత్రం చోటుండేది కాదు. నోటితో ఊదేది కాబట్టి ఎంగిలి వాద్యం అన్న చిన్నచూపు ఒకటి. గుళ్ళో దేవుడికి ఆ ఎంగిలి పనికొస్తుంది, మనిషికి పనికిరాదు! ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా లాంటి ముస్లిం విద్వాంసుడు నాదస్వరంలో శిఖరాలెక్కాడు. 1998లో సంగీత కళానిధి బిరుదు వచ్చింది, మరుసటి ఏడాదే పోయాడు. ఆయన ఒక్కడి గొప్పతనం చూపించి మిగతా వందలమంది సంగతి మరిచిపోతాం.

అంటే లెక్క ఇదీ: పద్మాసనం వేసుకుని ఊపిరి పట్టినవాడు యోగి. పందిట్లో కూర్చుని ఊపిరి ఊదినవాడు మేళగాడు. పట్టినవాడి శ్వాస సిద్ధి, ఊదినవాడి శ్వాస ఎంగిలి. ఊపిరితిత్తులు ఇద్దరివీ ఒకటే, పైగా రెండోవాడి పని కష్టతరం. ఈ మధ్యలో ఒక తెల్లాయన అదే పని చేసి లోకంలో పేరు తెచ్చుకుంటే, అప్పుడు గుర్తొచ్చి "మనదే" అంటారు. మనదే అయితే మన శ్రుతి సన్నాయి ఆయన్ని ఎందుకు వెనక వరసలో కూర్చోబెట్టారు?

ఢిల్లీ దక్షిణపు కొసన బదర్‌పూర్ దగ్గర మోలర్‌బంద్ అనే ఊరుంది. సపేరాల బస్తీ, అంటే పాములవాళ్ళ పేట. బీన్ అని పిలిచే బుర్ర వాద్యం వాళ్ళ ఇంటి విద్య. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పాముని బుట్టలో పెట్టుకు తిరగడం నేరం. ఆ చట్టం సరైనదే. కోరలు పీకడం, నోరు కుట్టడం క్రూరత్వం, నాగపంచమికి పాలు పోయడం ఇంకో క్రూరత్వం. పాము పాలు తాగే జంతువు కాదు. బయటికి చెవులు లేని పాము రాగానికి పడగ ఊపదు, కళ్ళ ముందు ఊగుతున్న బుర్రని చూసి ఊపుతుంది. ఇవి మనం వందసార్లు చెప్పాం, ఇంకా చెప్పాలి. కానీ పాము మహిమ అబద్ధం అని తేల్చే తొందరలో మనం ఒకటి చూడలేదు. పాము నాట్యం భ్రమ, వాడి ఊపిరి మాత్రం నిజం. బుట్ట లాగేసుకున్న ప్రభుత్వం ఆ ఊపిరికి ఒక బడి పెట్టి ఉండవచ్చు. కొందరు పెళ్ళిళ్ళలో బీన్ పార్టీలుగా ఊదుతున్నారు. అదే శ్వాస, "పాము నిర్ణయిస్తుంది" అన్న పేరు మీద, ఇంగ్లండులో ఆధునిక సంగీత చరిత్రలో ఒక మైలురాయి. ఆ పేరు ఎందుకు పెట్టినా, మోలర్‌బంద్ లో నిలబడి తలుచుకుంటే నవ్వు రాదు.

పార్కర్ కూడా ఏమీ కోట్లు గడించలేదు. 1980ల మధ్యలో బెయిలీతో విభేదాలొచ్చి ఇంకస్ నుంచి తప్పుకున్నాడు. రాజకీయంగా ఒకే మాట మీదున్న మిత్రులు కంపెనీ దగ్గర విడిపోవడం మన సంఘాలకి కొత్తేమీ కాదు కాబట్టి వ్యాఖ్యానించను. జర్మనీకి చెందిన ష్లిప్పెన్‌బాఖ్ పియానో, లోవెన్స్ డ్రమ్స్ తో కలిసి నలభై ఏళ్ళకి పైగా ఒకే త్రయంగా వాయించాడు. 1990లలో కంప్యూటర్లతో ధ్వనిని అప్పటికప్పుడు మార్చే పెద్ద బృందం కట్టాడు. 2001లో మళ్ళీ సొంత రికార్డు కంపెనీ పెట్టి, 2006లో ఆ పాత "ఊపిరితిత్తుల" రికార్డుని తనే తిరిగి విడుదల చేశాడు. ఎనభై ఏళ్ళు వచ్చేదాకా వాయిస్తూనే వచ్చాడు. అక్కడ చిన్న క్లబ్బులు, ప్రజాధనంతో నడిచే రేడియోలు, కళల మండలి గ్రాంట్లు ఉన్నాయి. అవి లేకపోతే ఈ ఊపిరి ఎప్పుడో ఆగిపోయి ఉండేది. మహిమ అనుకునేవాళ్ళకి గ్రాంటు గురించి ఆలోచన రాదు. మహిమకి బడి అక్కర్లేదు, జీతం అక్కర్లేదు, పెన్షన్ అక్కర్లేదు. శ్రమకే అవన్నీ కావాలి.

ఒక మిత్రుడు నాతో వాదించాడు: "పోనీ, మహిమ అని నమ్మి ఒక పదిమంది పొద్దున్నే లేచి గాలి పీలిస్తే నీకు నష్టమేమిటి?" నాకు నష్టం లేదు. ఆస్తమా ఉన్న మనిషి ఇన్‌హేలర్ పక్కనపెట్టి ఆ పార్కులో కూర్చుంటే నష్టం వాళ్ళకే. మా సొసైటీలో అలాంటి వాళ్ళు ఇద్దరున్నారు, ఒకరిని డిసెంబరులో అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళవలసి వచ్చింది. ఊపిరి గురించి అబద్ధం చెప్పడం మిగతా అబద్ధాల లాంటిది కాదు.

పెళ్ళిళ్ళ కాలంలో ఇక్కడ సాయంత్రం ఏ రోడ్డు మీద చూసినా బారాత్ బ్యాండు కనిపిస్తుంది. బంగారు జరీ కుట్టిన ఎర్రకోటు, లోపల చెమట, చేతిలో సొట్టలు పడ్డ సాక్సోఫోన్. బెల్జియం నుంచి వచ్చి పారిస్ లో స్థిరపడ్డ అడోల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్న వాద్యం, సైనిక బ్యాండ్ల ద్వారా మన వీధుల్లోకి దిగింది. మొన్న ఫిబ్రవరిలో మా గేటు ముందు ఊరేగింపు ఆగినప్పుడు ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, ఒక సినిమా పాట చివరి స్వరాన్ని పట్టుకుని వదల్లేదు. పెళ్ళికొడుకు స్నేహితులు నోట్లు ఊపుతూ ఎంతసేపు పడతాడో అని లెక్కపెడుతున్నారు. నేను ఆయన బుగ్గలు, ముక్కు చూస్తున్నాను. గుర్రం కదిలాక పక్కకొచ్చి బీడీ వెలిగించుకుంటుంటే అడిగాను, ఎవరు నేర్పారని. మేనమామ అన్నాడు, మీరట్ దగ్గర ఏదో ఊరు పేరు చెప్పాడు. బొప్పాయి ఆకు కాడతో బకెట్టు నీళ్ళలో ఊదించేవాడట, బుడగ తెగితే వీపు మీద ఒకటి పడేదట. ఈ విద్యకి పేరేమిటని అడిగాను. పేరేముంది బాబూజీ, ఊదడమే అన్నాడు. తర్వాత నా ఫోను నంబరు రాసుకుని, మీ ఇంట్లో ఎవరిదైనా పెళ్ళి ఉంటే చెప్పండి, పదకొండు మందితో వస్తాం, రేటు మాట్లాడుకుందాం అన్నాడు.